మూసిన కిటికీ వెనుక మెట్లు

ఆదోనిలో మా లాడ్జి గోడలో ఒక దొరసాని నడుస్తుందని ఊరంతా నమ్మేది. మేడమీద మూసిన కిటికీ వెనుక ఆమెను పూడ్చారనీ, తెల్లవారుజామున మెట్లెక్కి దిగుతుందనీ, కడుపుతో ఉన్న ఆడది ఎదురైతే ఆ కడుపు నిలవనీయదనీ చెప్పుకునేవారు. ఈ చివరి మాటకు సాక్ష్యంగా నన్ను చూపించేవారు. డెబ్బై ఆరులో, అయిదో నెలలో, నా బిడ్డ పోయింది.

ఆ భవనం ఒకప్పుడు పత్తి వ్యాపారం చేసిన ఇంగ్లీషు దొరది. తన దేశంలో జార్జి రాజుల నాటి పద్ధతిలో కట్టించుకున్నాడు. నడుమ ఎత్తైన వాకిలి, దానిపైన విసనకర్రలా పరుచుకున్న అద్దాలు, ఇరువైపులా కొలిచినట్టు కిటికీలు. ఆ సమానత చెడకూడదని, లోపల గది లేని చోట కూడా కిటికీ చట్రం కట్టి ఇటుకలతో మూసేశాడు. దాని వెనుక ఉన్నవి పనివాళ్ల మెట్లు. నీళ్లూ మైలబట్టలూ మోసేవాళ్లు అతిథుల కంటపడకూడదని గోడల నడుమ ఇరికించిన మెట్లు. ముందరి టేకు మెట్లమీద పొద్దంతా వెలుతురు. వీటికి గాలి కూడా లేదు.

మా మామ గోవిందయ్య భవనంతో పాటు దొర మర్యాదనూ కొనుక్కున్నాడు. పత్తి కాలంలో దిగే వ్యాపారులకు, మేడమీద పనివాళ్లున్నారని చెప్పేవాడు. ఉన్నది నేను. సెట్టిగారి కోడలు పరాయి మగవాళ్ల స్నానాలకు వేన్నీళ్లు మోస్తుందంటే పరువు పోతుంది. మోయకపోతే లాడ్జి నడవదు. అందుకే నాకు ఆ మెట్లు. కడుపుతో ఉన్నాను, అక్కడ ఒక బల్బు పెట్టించమంటే, పుట్టింట్లో కాగడాలు పట్టించుకొని నడిచేదానివా అని అడిగింది అత్త. నా భర్త దామోదరం పేపరులోంచి తలెత్తకుండానే, అలవాటైన మెట్లే కదా అన్నాడు. ఆ నెలలోనే బిడ్డ పోయింది. అత్త వేపమండలతో దిష్టి తీసి, దొరసానిని తిట్టింది.

మూసిన కిటికీ పక్క గదిలో దిగే ఆలూరు పత్తి దళారి శేషన్నకు, తెల్లవారుజామున గోడలో వినబడే అడుగుల చప్పుడు మొదట వేళాకోళంగా ఉండేది. "గోవిందయ్యన్నా, మీ దొరసాని శానా పనిమంతురాలప్పా. కోడి కూయకముందే లేస్తాండాది" అనేవాడు. మరుసటేడు తన కోడలు నీళ్లోసుకుందని, ఆ గాలి ఇంటికి మోసుకుపోలేనని గది ఖాళీ చేశాడు. అతని వెంట మరికొందరు పోయారు. మామ హాలహర్వి నుంచి మంత్రగాడు దేవేంద్రప్పను పిలిపించాడు. గోడకు ఇనుపమేకు కొడితే దొరసాని కదలదట. అది కళ్లారా చూడమని శేషన్ననూ, తక్కిన వ్యాపారులనూ పిలిచారు.

ఆ ఉదయం అత్త వంటింట్లోకి వచ్చి మెల్లగా చెప్పింది.

"ఈ పొద్దు నువ్వు మెట్లెక్కాకు. రేపట్నించి కాళ్లకు గోనెపట్ట సుట్టుకొని ఎక్కు. సప్పుడు కాకూడదు."

అంటే ఆ అడుగులు నావని ఈమెకు తెలుసు. వేపమండలు విసిరిన నాడూ తెలుసు. మామకు తెలుసు, పక్కన పడుకునే మనిషికీ తెలుసు. తెలిసే, లేని ఒక ఆడదాని మీదికి నా బిడ్డ చావును నెట్టి, ఉన్న ఆడదాని కాళ్లకు గోనె కడుతున్నారు. కాగులోంచి బకెట్లు నింపాను.

పెరటి దారిన చుట్టి వచ్చి, విసనకర్ర అద్దాల కింద నుంచి హాల్లో అడుగుపెట్టాను. దేవేంద్రప్ప ఆ మెట్ల గోడ ముందు సుత్తి ఎత్తి ఉన్నాడు. "లోపలికి పో" అన్నాడు దామోదరం, పెదవులు కదలకుండా. నేను ముందరి టేకు మెట్ల మీద కాలుపెట్టి శేషన్న వైపు తిరిగాను.

"అన్నా, ఆ గోడెనక దొరసాని లేదు. దీపం లేని మెట్లుండాయి. పొద్దున్నే నీకు నీళ్లు మోసేది నేనే. నా బిడ్డ పోయింది నేను ఆ సీకట్లో జారి పడినందుకు."