రాష్ట్రపతికి ఒక్క బటనే

మాదాపూర్‌లో ఒక కంపెనీ బడిపిల్లల కోసం దేశాన్ని పాలించే ఆట తయారుచేస్తోంది. విడుదలకు ముందు అందులో తప్పులు పట్టడం రసజ్ఞ ఉద్యోగం. ఆ రోజు ఆమె రాష్ట్రపతిగా ఆడింది. పార్లమెంటు పంపిన బిల్లు నచ్చక 'వెనక్కి పంపు' నొక్కింది. బిల్లు ఒక్క అక్షరం మారకుండా తిరిగొచ్చింది. ఈసారి తెర మీద 'సంతకం' తప్ప ఇంకో బటన్ లేదు.

"అంత భవనమిచ్చి, త్రివిధ దళాలిచ్చి, వద్దనే బటన్ పీకేస్తారా!" అని మండిపడి, ఇది ఆటలో తప్పేనంటూ బగ్ రాసింది.

మేనేజర్ రంగనాథ్ కొట్టిపారేశాడు. "బగ్ కాదమ్మా, రాజ్యాంగమే అంత. వెనక్కి పంపేది ఒక్కసారే."

"మరి మొదటిసారి వచ్చినప్పుడు ఎన్ని రోజుల్లో తేల్చాలి సార్?"

"ఇన్ని రోజులని గడువేం లేదు."

రసజ్ఞ తలూపింది.

సాయంత్రం ఆట విడుదలకు ఆమె అనుమతి అడుగుతూ రంగనాథ్ మెయిల్ పెట్టాడు. ఆమె ఊ అంటే తప్ప ఆట బయటికి పోదు. రసజ్ఞ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఇవాళ్టికి మూడు వారాలు. రంగనాథ్ ఆమె సీటు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఏమైంది తల్లీ?"

"పరిశీలనలో ఉంది సార్," అంది రసజ్ఞ, టీ ఊదుకుంటూ.