ఐరోపా ఓటుకు వెళ్ళొచ్చిన కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడును. దగ్గరవి చదువుకోవడానికి పెట్టుకునే రకం. దూరం చూడమంటే నాకు చేతకాదు. ఆ లోపం నా ఒక్కదానిదే కాదని మనుషుల ముక్కుల మీద కూర్చుని ఇన్నేళ్ళుగా గమనిస్తూనే ఉన్నాను.

పుట్టింది ఫ్రాన్సు తూర్పు కొండల్లో, మంచు ఎప్పటికో గాని కరగని ఒక చిన్న ఊళ్ళో. అక్కడ ఇంటింటా కళ్ళజోళ్ళ పనే. నా ఫ్రేము సానబట్టిన ఆవిడ నన్ను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, నోటితో ఊది, గుడ్డతో తుడిచి పెట్టెలో పడుకోబెట్టింది. ఆ కొండలను నేను చూసింది ఆ క్షణమే. తరవాత ఆ దేశపు దక్షిణ తీరాన తూలోను రేవులో ఒక దుకాణం, అద్దాల బీరువా, బోలెడంత నిరీక్షణ.

ఒక మధ్యాహ్నం నల్లగా, బిగువుగా ఉన్న మనిషి ఒకాయన లోపలికొచ్చాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి అప్పుడే పదవీ విరమణ చేశాడట. దుకాణదారు అక్షరాల అట్ట చేతికిచ్చాడు. ఆయన నన్ను పెట్టుకుని ఒక్కో మాటా గట్టిగా, పాఠం ఒప్పజెప్పినట్టు చదివి, చివర నవ్వాడు. ఆయనే పెమ్మాడి వీరబ్బాయి. ఊరు యానాం.

యానాం గోదావరి ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడి. వాళ్ళు వెళ్ళిపోతూ, ఇష్టమైనవాళ్ళు ఫ్రాన్సు పౌరులుగానే ఉండవచ్చన్నారు. అలా ఉండిపోయిన కొద్దిమందిలో పెమ్మాడివారు ఒకరు. వీరబ్బాయి భార్య నూకరత్నం కూడా పెళ్ళితో ఫ్రాన్సు పౌరురాలైంది. కాని ఫ్రాన్సు చూడలేదు. ఆయన సైన్యంలో ఉన్నంతకాలం ఆమె యానాంలోనే ఉంది. ఆయన ఇంటికొచ్చిన రోజున నన్ను తీసి చూపిస్తే, ఆమె నన్ను పెట్టుకుని తన అరచేతిని చూసుకుంది.

"ఏవండీ, ఆ దేశం నన్నెప్పుడు తీసుకెళ్తారు?"

"ఇల్లు ఓ కొలిక్కి రానీ, తీసుకెళ్తాను," అన్నాడాయన. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. తరవాత కూడా అన్ని సార్లూ మనస్ఫూర్తిగానే అన్నాడు.

కొన్నాళ్ళకు ఒక వింత కబురు వచ్చింది. ఐరోపాలో తొమ్మిది దేశాలు కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. ఆ సభకు మనుషులను ఇక జనమే ఎన్నుకోవాలట. ఫ్రాన్సు పౌరులు గనక యానాంవాళ్ళూ ఓటెయ్యవచ్చు. ఓటు పాండిచ్చేరిలో. కాకినాడ వెళ్ళి రైలెక్కాలి.

బయలుదేరే ముందటి సాయంత్రం కోలా పోతురాజు వచ్చాడు. ఇతనూ సైన్యంలో చేసినవాడే, వీరబ్బాయి దళంలోనే మెకానిక్కు. వీరబ్బాయిని అన్నయ్యా అంటాడు, అన్న మాటల్లో ఒక్కటీ ఒప్పుకోడు. వీరబ్బాయిది సేనాని పార్టీ. యుద్ధంలో ఫ్రాన్సును నిలబెట్టిన సేనాని పేరు చెప్పుకునే పార్టీ అది. పోతురాజుది ఎర్ర పార్టీ. తూలోను రేవులో కూలీల సమ్మె చూసిన రోజునుంచీ అంతే.

నూకరత్నానికి అర్థమయ్యేలా చెప్పాలని వీరబ్బాయి అరుగు మీద చింతపిక్కలు అర్ధచంద్రంలా పేర్చాడు.

"ఇదిగో, సభ ఇలాగ ఉంటాది. ఎడం చివర వీళ్ళ ఎర్రోళ్ళు. పక్కన సోషలిస్టులు. నడిమధ్యన మెత్తనోళ్ళు. కుడేపు మా వాళ్ళు. ఏ దేశపోళ్ళైనా సరే, తమ మాటకి దగ్గరున్నోళ్ళతో కలిసి కూర్చుంటారు. దేశాల వరస కాదు, గుంపుల వరస."

"మావోళ్ళకి నాలుగు పిక్కలేనా?" పోతురాజు కుడివైపు నుంచి గుప్పెడు పిక్కలు తీసి ఎడమవైపు పోశాడు. "లెక్కెట్టకముందే దొంగతనమా అన్నయ్యా!"

నూకరత్నం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఇన్ని దేశాలోళ్ళు ఒక్క గదిలోనా? ఏ బాసలో పోట్లాడుకుంటారండీ?"

"ఎవరి బాసలో వాళ్ళు."

"మరి మన బాసలో?"

 వీరబ్బాయి పిక్కల వరస సరిచేస్తూ, "మన బాసకి అక్కడ కుర్చీ లేదు రత్నం," అన్నాడు.

పోతురాజు నవ్వుతో మాట మార్చబోయాడు. "ఇంకో సంగతి తెలుసా వదినా? ఏటికీ చెట్టుకీ కూడా ఓ గుంపు లేచిందంట అక్కడ. ఆకు బొమ్మేసుకుని ఓట్లడుగుతన్నారు!"

వీరబ్బాయి పగలబడి నవ్వాడు. నూకరత్నం నవ్వలేదు. ఆమె పుట్టిల్లు చేపలు పట్టేవాళ్ళ ఇల్లు. ఎగువన ఎవరో ఏటిలోకి ఏదో వదిలితే చేపలు వెల్లకిలా తేలిన ఏడాది ఆమె తండ్రి వల మడిచి అటకెక్కించాడు. ఆ ఇంట్లో నవ్వు కూడా ఆ ఏడాదే అటకెక్కింది.

"నేను ఏసిందే నువ్వూ ఎయ్యి," అన్నాడు వీరబ్బాయి లేస్తూ.

"అలాగేనండి," అంది.

పాండిచ్చేరిలో ఓటు ఒక బడి హాల్లో. బల్ల మీద ఒక్కో పార్టీ కాగితాలు ఒక్కో దొంతరగా ఉన్నాయి. ఓటరు ఆ కాగితాలు, ఒక కవరు తీసుకుని తెర వెనక్కి వెళ్తాడు. తనకు నచ్చిన కాగితం కవరులో పెడతాడు. మిగతావి చేసంచీలోనో బుట్టలోనో వేసుకుంటాడు. వీరబ్బాయి నాతో వెళ్ళి, సేనాని పార్టీ కాగితాన్ని అంచులు సరిచేసి మడిచి, కవరులో పెట్టి వచ్చాడు. ఆయన కవరు పెట్టెలో పడగానే బల్ల వెనక అధికారి అక్కడి ఆచారం ప్రకారం గట్టిగా ప్రకటించాడు. ఓటేశారని దాని అర్థం. ఫ్రెంచిలో ఆ మాట "ఆ వోటే!" అన్నట్టు వినిపిస్తుంది.

నూకరత్నం ఉలిక్కిపడి, "ఏ ఓటో ఆయనకెలా తెలిసిపోయిందండీ?" అంది భర్త చెవిలో.

ఆయన నవ్వాపుకుంటూ నన్ను తీసి ఆమెకు పెట్టాడు. ఆమెకు వేరే జోడు లేదు. ఐదేళ్ళకోసారి వచ్చే ఈ ఓటు కోసం వేరేది ఎందుకనేది.

తెర వెనక ఆమె ఫ్రెంచి అక్షరాల జోలికి పోలేదు. సేనాని పార్టీ కాగితం ఎడమ చేతిలో, ఆకు బొమ్మ కాగితం కుడి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి ఆకు బొమ్మ కవరులోకి వెళ్ళింది. బయటికొచ్చాక ఆయన, "ఏసేవా?" అన్నాడు. "మీరు చెప్పినట్టే," అంది. ఆమె ఆయనతో ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. ఆ తరవాత ఎన్నికలన్నిటికీ అదే అబద్ధం సరిపోయింది.

ఏళ్ళు గడిచాయి. నా అద్దాలు రెండుసార్లు మారాయి. అయినా నేను నేనేనని ఒప్పుకునే మంచితనం ఆ ఇంట్లో ఉంది. సభలో దేశాలు పెరిగాయి. బల్ల మీద దొంతరలు పెరిగాయి. సేనాని పార్టీ చీలింది, పేరు మార్చుకుంది, మళ్ళీ మార్చుకుంది. ఎర్ర పార్టీ పలచబడింది. పైదేశాల నుంచి వచ్చిన పైవాళ్ళను పొమ్మనే పార్టీ ఒకటి ఎన్నికకూ ఎన్నికకూ లావెక్కింది. ఒక సంవత్సరం వీరబ్బాయి దాని కాగితాన్ని కూడా నా ద్వారా మొత్తం చదివాడు. తరవాత తెర వెనక బుట్ట ఉన్నా అందులో వెయ్యకుండా, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. బయటికొచ్చి పోతురాజుకు చూపించాడు.

"ఒరేయ్, ఈళ్ళ లెక్కలో మనం పైవాళ్ళమేరా. ఆ జెండాకి వందనం చేసిన చెయ్యే ఇది!"

ఎన్నికల సంగతైనా, వానల సంగతైనా ఆయనతో గొడవ పడే పోతురాజు ఆ రోజు మాత్రం ఆయన భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

మధ్యలో కొన్నేళ్ళు నియమాలు మారి, విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఈ ఓటు లేకుండా పోయింది. ఆ ఎన్నికల రోజుల్లో వీరబ్బాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధరుగు మీద కూర్చునేవాడు. ఎక్కడికండీ అని భార్య అడిగితే, "ఎక్కడికీ లేదు," అనేవాడు. ఓటు మళ్ళీ వచ్చేసరికి ముసలివాడైపోయాడు.

ఇద్దరూ కలిసి వెళ్ళిన చివరి ఎన్నికలో తిరుగు రైల్లో ఆయన నన్ను తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఆకు బొమ్మోళ్ళు ఈసారి బాగా పుంజుకున్నారంట."

ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

"నీ సంచిలో మిగిలిన కాయితాల్లో ఆ ఒక్కటే ఎప్పుడూ ఉండదు రత్నం. మొదటేడాదే చూసేను."

"మరి అడగలేదేంటండీ?"

"తెర కట్టింది ఎందుకు మరి?" అన్నాడు. ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. నెల్లూరు దాటేవరకూ వదల్లేదు.

రెండేళ్ళ తరవాత, వానాకాలంలో, ఆయన నిద్రలోనే వెళ్ళిపోయాడు. నూకరత్నం ఏడవలేదు. నన్ను రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్ళు ఏరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, ఒక్కోసారి ఊరికే గోడకేసి చూడటానికి. చెవుల దగ్గర ఫ్రేము ఆమెకు వదులు. అది ఆయన తలకు అలవాటుపడ్డ ఫ్రేము. జారినప్పుడల్లా పైకి నెట్టేది.

మళ్ళీ ఎన్నిక వచ్చింది. పోతురాజు, "ఈ ఎండల్లో ఎందుకులే వదినా," అన్నాడు.

"వత్తాను," అంది ఆమె. "ఈసారి ఆయన పార్టీకే ఏత్తాను. ఇన్నేళ్ళూ ఏసేనని చెప్పేను గదా. ఒక్కసారైనా నిజం చెయ్యాలి."

పోతురాజు వెళ్ళి టిక్కెట్లు తెచ్చాడు. రైల్లో ఆమెకు కింది బెర్తు ఇప్పించి, తను రాత్రంతా కూర్చునే వచ్చాడు.

హాల్లో బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది. లెక్కలేనన్ని దొంతరలు. నూకరత్నం నన్ను పైకి నెట్టుకుంటూ ఒక్కో కాగితం దగ్గరా ఆగింది. ఆకు బొమ్మ కనిపించింది. ఆయన కాగితం కనిపించలేదు. పేరు మారింది, గుర్తు మారింది. ఎటు చూసినా పరాయి ముఖాలే. బల్ల అంచు పట్టుకుంది.

"పోతురాజూ, ఆయనది ఏది? నాకు తెలీటం లేదయ్యా. ఆయన లేరు సరే. ఆయన కాయితం కూడా లేదా?"

అప్పుడు పోతురాజు ఏ కాగితం చూపించినా ఆమె నమ్మేది. అతని ఎర్ర పార్టీ దొంతర చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది, పాపం, ఎవరూ ముట్టనట్టు నిండుగా. అతను దాన్ని దాటి నడిచాడు. ఇన్నేళ్ళూ తిట్టిన పార్టీ దొంతర దగ్గర ఆగి, వేలుతో చూపించాడు.

"ఇది వదినా. పేరు మారింది గాని మనుషులు ఆళ్ళే. సందేహం లేదు."

తెర వెనక నూకరత్నం రెండు కాగితాలను రెండు చేతుల్లో పట్టుకుంది. ఆకు బొమ్మ కాగితాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరింది. దాన్ని పక్కన పెట్టి, ఆయన కాగితాన్ని ఆయన మడిచినట్టే అంచులు సరిచేసి మడిచింది. దాన్ని కవరులో దూర్చలేక అవస్థపడింది. ఇక నాకేమీ కనిపించలేదు. అద్దాలు తడిసిపోయాయి.

ఓటేశాక ఇద్దరూ సముద్రపు గట్టు మీద కూర్చున్నారు. కింద రాళ్ళ మీద అలలు విరుగుతున్నాయి. ఆ నీళ్ళు ఆ దేశం దాకా వెళ్తాయా అని అడిగింది. చుట్టు తిరిగి వెళ్తాయన్నాడు పోతురాజు. తరవాత చేతికర్ర నేలకేసి పొడుస్తూ కూర్చున్నాడు.

"ఏంటయ్యా?"

"ఏమీ లేదొదినా." ఇంకాసేపు పొడిచాడు. "నేనూ ఆయనకే ఏసేను."

"ఎవరికి?"

"అన్నయ్య పార్టీకి." సముద్రం వైపే చూస్తున్నాడు. "మావోళ్ళకి ఏద్దామనే తెర ఎనక్కి ఎల్లేను. కవరు చేతిలోకి తీసుకున్నాక, ఇంటికెళ్ళి ఎవరితో పోట్లాడాలి అనిపించింది. నెగ్గినా ఓడినా చెప్పుకోటానికి ఆ మనిషి లేడు గదా. అందుకని ఒక్కసారికి ఆయన్నే గెలవనిద్దామని..."

మాట పూర్తి కాలేదు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వానాకాలంలో ఏడవని మనిషి అక్కడ, నలుగురూ తిరిగే గట్టు మీద, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. పోతురాజు ఓదార్చలేదు. అతని పరిస్థితీ అదే.

మర్నాడు ఫలితాలు తెలిశాయి. ఆయన పార్టీ ఏమంత గెలవలేదు. ఆ రెండు ఓట్లు అక్కడ ఎవరికీ కనిపించనే లేదు. పైవాళ్ళను పొమ్మనేవాళ్ళే అందరికన్నా ముందున్నారు. పోతురాజు పత్రిక చదివి వినిపిస్తుంటే నూకరత్నం అడిగింది. "మళ్ళీ ఎప్పుడయ్యా ఓటు?"

"ఐదేళ్ళకి."

"అప్పటికి ఉంటే మళ్ళీ ఎల్దాం. అప్పుడు ఎవరిది వాళ్ళమే ఏసుకుందాం," అంది.

ఆ చలికాలంలో కాకినాడలో ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. కొత్త జోడు ఇచ్చారు, తేలికది, ఆమె కొలతది. నన్ను ఏం చెయ్యాలో తోచక కొన్నాళ్ళు తలగడ పక్కన ఉంచుకుంది. రాత్రిళ్ళు చీకట్లో చెయ్యి చాపి, ఉన్నానో లేదో చూసుకునేది. ఉన్నానని నాకు తెలిసినంత బాగా ఆమెకు తెలుసు. అయినా చూసుకునేది.

పోతురాజు జోడు పగిలిందని తెలిసిన రోజు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళింది. పడక్కుర్చీలో కూర్చున్న అతని చేతిలో నన్ను పెట్టింది.

"ఇవి పెట్టుకో. బీరువాలో పెడితే ఆయనకి ఊపిరాడదు."

పోతురాజు నన్ను రెండు చేతులతో అందుకుని, నెమ్మదిగా చెవులకు తగిలించుకున్నాడు. పత్రిక తెరిచాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు.

"ఏంటొదినా ఇది? అంతా కుడేపుకే ఒరిగిపోయి కనపడతంది!"

నూకరత్నం గుమ్మం పట్టుకుని నవ్వింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నన్ను సరిచెయ్యమని అతను అడగలేదు, ఆమె సరిచెయ్యలేదు. పోతురాజు మెడ కాస్త ఎడమకు వాల్చి, అలాగే చదువుకోవడం మొదలుపెట్టాడు.