పాలగిన్నెలో థర్మోస్టాట్

తూనీగ తన పడవ మోటారులోంచి స్పార్క్ ప్లగ్గు విప్పి చూసింది. మళ్లీ నల్లగా, మాడిన గిన్నె అడుగులా ఉంది. నిన్నగాక మొన్నే వేసిన కొత్త ప్లగ్గు. మిగతా రెండూ విప్పింది, అవీ అంతే. కాకపోతే అన్నిటికన్నా కిందున్న సిలిండర్‌ది మరీ మసిబొగ్గు.

ఒక్కచోట కాలు నిలవదని చిన్నప్పుడు బాబాయి తూనీగ అన్నాడు, అదే అందరి నోళ్లలో నిలిచిపోయింది. ఆయన భుజం పట్టేశాక ఆయన పడవ ఆమె చేతికొచ్చింది. రోజూ పొద్దున్నే దీవిలో ఉన్న ఆసుపత్రికి నర్సమ్మనీ, ఆవిడ టీకాల డబ్బానీ చేర్చాలి. దారిలో వలలు పరిచిన చోట ఏ పడవైనా నెమ్మదిగా పోవాల్సిందే. సరిగ్గా అక్కడే ఈ మోటారు దగ్గి, తుమ్మి, ఆగిపోతోంది. ఆ పొద్దున కూడా ఆగింది.

నర్సమ్మ దిగుతూ చెప్పింది. "చూడమ్మా, నువ్వంటే నాకిష్టమే. కానీ ఈ డబ్బా ఒళ్లో పెట్టుకుని నీళ్ల మధ్య ఎండలో కూర్చోలేను. రేపు కూడా ఆగిందంటే వేరే పడవ మాట్లాడుకుంటాం. ఏమనుకోకు."

"అనుకోను నర్సమ్మా," అంది తూనీగ. అనుకోకుండా ఎలా ఉంటుంది. ఆ ట్రిప్పు పోతే పడవకి దిక్కు పోయినట్టే. మిగతా జనం ఏ పడవ ముందు కదిలితే అందులో ఎక్కేవాళ్లు.

అందుకే మధ్యాహ్నం అన్నం కూడా మానేసి మోటారు మీద పడింది. పక్క పడవ నడిపే సోడాబుడ్డి, లావుపాటి కళ్లద్దాల మనిషి, ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు.

"రోజుకోసారి విప్పుతావేంటే దాన్ని, దానికి సిగ్గేయదూ?"

"నీ కళ్లద్దాలు తీసి కూర్చో అన్నా, దానికి సిగ్గు పోతుంది."

వేలితో ప్లగ్గు మీద రాసింది. పొడి మసి, నూనె జిడ్డు లేదు. అంటే ఇంజన్ ఆయిల్ లోపలికి రావడం లేదు, పెట్రోలే ఎక్కువ పడుతోంది. పెట్రోలు చల్లే ఇంజెక్టర్ ఒకటి కారుతుంటే ఒక్క ప్లగ్గే నల్లబడాలి. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ చెడినా అంతే. మూడూ నల్లబడ్డాయంటే తప్పు మూడింటికీ కలిసిన చోటే ఉంది. ఇది పాతకాలపు కార్బురేటర్ మోటారు కాదు కదా, స్క్రూ తిప్పి సరిపెట్టడానికి. ఇందులో చిన్న కంప్యూటర్ ఉంటుంది, సెన్సర్లు చెప్పింది విని ఎంత పెట్రోలు చల్లాలో అదే తేలుస్తుంది. మరి ఆ సెన్సర్లు దానికి ఏం చెబుతున్నట్టు?

ప్లగ్గులు బ్రష్షుతో రుద్ది బిగించి, పడవ కట్టేసే ఉంచి, మోటారు చాలాసేపు తిప్పింది. తర్వాత మూత తీసి ఇంజన్ మీద భయంభయంగా వేలు పెట్టింది. కాలలేదు. అరచెయ్యి మొత్తం ఆనించింది. జ్వరం లేని నుదురులా హాయిగా ఉంది.

తూనీగకి ఒక్కసారిగా అర్థమైంది. ఇంజన్ వేడెక్కడమే లేదు. వేడెక్కనంతసేపూ కంప్యూటర్ ఇది ఇప్పుడే నిద్ర లేచిందనుకుని, తిని వచ్చానన్నా వినకుండా వడ్డించే పిన్నిలాగా, పెట్రోలు పోస్తూనే ఉంది. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చింది. నీళ్లు చల్లబడ్డాక ఇక దాని వల్ల కావడం లేదు.

థర్మోస్టాట్ మూత విప్పింది. ఇంజన్ వేడెక్కేదాకా చల్లనీళ్లని ఆపే చిన్న తలుపు అక్కడ ఉండాలి. లోపల ఖాళీ.

ఆమె కాకుండా ఆ మోటారు మీద చెయ్యి వేసే మనిషి ఇంకొక్కడే. తిట్టాల్సినవన్నీ దారి పొడవునా వరస పెట్టుకుంటూ ఇంటికి నడిచింది. బాబాయి వరండాలో లైఫ్ జాకెట్ పట్టీ కుడుతున్నాడు.

"బాబాయ్, మోటార్లో థర్మోస్టాట్ లేదు."

"లేదు," అన్నాడాయన సూది మీంచి చూపు తిప్పకుండా.

"నీకు తెలుసా?"

"తీసింది నేనైతే తెలీకుండా ఎలా ఉంటుంది?"

"ఎందుకు తీశావు?"

ఆయన దారం కొరికి తెంపాడు. "నువ్వు మొదటిసారి ఒక్కదానివే వెళ్లే ముందు రోజు తీశా. నా పాత మోటార్లో ఆ తలుపు ఉప్పు పట్టి మూసుకుపోయింది. ఇంజన్ కాలి బిగుసుకుపోయింది. నీళ్ల మధ్య పొద్దుగూకేదాకా కూర్చున్నా, ఒక్క పడవ రాలేదు. నేనంటే సరే. నువ్వు కూర్చోవాలా అలాగ? తలుపే లేకపోతే మూసుకునేదేముంది అనుకున్నా."

దారిలో పేర్చుకున్న తిట్లన్నీ వదిలేసింది. ఆయన పక్కనే గచ్చు మీద కూలబడింది.

"ఇది ఆ మోటారు కాదు బాబాయ్. చల్లగా ఉంటే ఇంకా తెల్లారలేదనుకుంటుంది ఇది. ప్లగ్గులు నల్లబడేది అందుకే."

"అంటే, మంచి చేస్తున్నాననుకుని దాన్ని చలిలో పడుకోబెట్టానన్నమాట."

"అన్నమాటే."

"మీ పిన్నికి చెప్పకు."

"వినపడింది," అంది పిన్ని వంటింట్లోంచి.

థర్మోస్టాట్ పిన్ని బొత్తాల డబ్బాలో దొరికింది. "ఇది ఏ చొక్కాదో అని ఎన్ని చొక్కాలు వెతికానో," అంది ఆవిడ. బాబాయి దాన్ని వెలుతురుకి పట్టుకుని తిప్పాడు. మొహంలో భయం పోలేదు. "ఇదీ పట్టేసి ఉంటే?"

"చూద్దాం పద."

పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి, దారం కట్టి దాన్ని అందులోకి వేలాడదీసింది.

"నా పాలగిన్నెలో ఇంజన్ సామాను ఉడకబెడతారా?" అంది పిన్ని. అంటూనే తనూ వచ్చి తొంగి చూసింది.

నీళ్లు సలసలమన్నాయి. చిన్న తలుపు నెమ్మదిగా విచ్చుకుంది. పైకి తీస్తే చల్లారి మూసుకుంది. "మళ్లీ వెయ్యి," అన్నాడు బాబాయి. మళ్లీ తెరుచుకుంది. "ఇంకోసారి."

"నెల నెలా ఇలాగే తీసి చూస్తా బాబాయ్. పట్టేసే దాకా రానివ్వను."

"వేరే గిన్నెలో," అంది పిన్ని.

పొద్దు వాలేలోగా ఇద్దరూ కలిసి బిగించారు. రెండు చేతుల పని ఆమె చేసింది, ఒక్క చేత్తో అయ్యేవి ఆయన చేశాడు.

మర్నాడు పొద్దున బాబాయి కూడా ఎక్కి నర్సమ్మ ఎదురుగా కూర్చున్నాడు. వలల దగ్గర తూనీగ వేగం తగ్గించి మోటారు మూత మీద చెయ్యి ఉంచింది. నర్సమ్మ డబ్బాని గట్టిగా పట్టుకుంది. వలలకి కట్టిన బెండ్లు ఒక్కొక్కటే పక్కనుంచి జారిపోయాయి. మోటారు దగ్గలేదు, తుమ్మలేదు. ఆఖరి బెండు దాటాక నర్సమ్మ డబ్బా మీంచి చేతులు తీసి జుట్టు సర్దుకుంది.

దీవిలో దిగుతూ, "రేపూ ఇదే టైముకేనా?" అనడిగింది.

"ఇదే టైముకి నర్సమ్మా."

తిరిగొచ్చేటప్పుడు పడవలో వాళ్లిద్దరే.

"థాంక్స్ బాబాయ్," అంది తూనీగ.

"దేనికి? చెడగొట్టినందుకా?"

"అది తీసినందుకు. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే వెళ్తున్నాననుకున్నా."

ఆయన అటు తిరిగి నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ వలలు వచ్చేసరికి, "నెమ్మది, నెమ్మది," అన్నాడు. ఆమె అప్పటికే నెమ్మది చేసింది. అయినా, "సరే బాబాయ్," అంది.