మేడంతో చూడాల్సిన గది

శ్రీదుర్గకి రూతు మేడం అంటే పడేది కాదు. అలా ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక్క కారణం కూడా దొరక్కపోవడం ఆమెకి ఇంకా కష్టంగా ఉండేది.

మైలవరం సెంటర్లో శ్రీదుర్గ, ఆమె భర్త కిరీటి విత్తనాలూ పురుగుమందులూ అమ్మే షాపు నడుపుతారు. వాళ్ళకి ఒక్కతే కూతురు సుస్మిత, తొమ్మిదో తరగతి. ఆ పిల్ల స్కూల్లో రూతు మేడం డ్రాయింగ్ చెబుతుంది. నెమ్మదైన మనిషి. పిల్లల మీద చెయ్యెత్తదు. పేరెంట్స్ మీటింగులో కనిపిస్తే ముందు తనే నమస్కారం పెట్టి, "సుస్మిత చేతిలో మంచి గీత ఉందండీ" అంటుంది. అలా అన్నప్పుడల్లా, తన కూతుర్ని తనకే ఎవరో పరిచయం చేస్తున్నట్టు ఉండేది శ్రీదుర్గకి.

ఇదివరకు సుస్మిత స్కూలు నుంచి నేరుగా షాపుకొచ్చి, ఎవరు ఎవర్ని గిల్లారో, ఎవరి బాక్సులో ఏ కూరుందో అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. ఇప్పుడూ చెబుతుంది. కానీ ప్రతి కబురూ మేడం దగ్గర మొదలై మేడం దగ్గరే ఆగుతుంది. నీడలో ఉత్త నలుపు ఉండదని మేడం చెప్పింది. మేడం జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది, నేనూ కత్తిరించుకుంటా. మేడం ఉప్మాలో పంచదార వేసుకుంటుందంట, నాకూ వెయ్యి. తన పుట్టినరోజున సుస్మిత స్కూల్లో కేకు కోసి మొదటి ముక్క మేడం నోట్లో పెట్టింది. ఆ ఫోటో తెచ్చి తల్లికే చూపించింది. శ్రీదుర్గ "బాగుంది" అని, ఆ సాయంత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఒకసారి కూతురు గీసిన మామిడికొమ్మ చూసి, "కాయలు ఇంకొన్ని వెయ్యాల్సింది, బోసిగా ఉంది" అంది. సుస్మిత కాగితం వెనక్కి తీసుకుంది.

"ఆ ఖాళీ కావాలనే వదిలానమ్మా. నీకు అర్థం కాదులే, మేడంకి చూపిస్తా."

పొగరుగా అనలేదు. బయట మబ్బు పట్టింది అన్నంత మామూలుగా అంది. శ్రీదుర్గకి గుచ్చుకున్నది ఆ మామూలుతనమే.

ఆ శీతాకాలంలో బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద హాల్లో యూరప్ పాత చిత్రాల ఎగ్జిబిషన్ పెట్టారు. అన్నీ వందల ఏళ్ళ నాటి అసలు బొమ్మలేననీ, అక్కడి ఒక కోటీశ్వరుడి ఇంట్లోంచి తెచ్చి ఊళ్ళు తిప్పుతున్నారనీ పేపర్లో వచ్చింది. డ్రాయింగ్ పిల్లల్ని ఆదివారం మధ్యాహ్నం స్కూలు బస్సులో తీసుకెళ్తానని రూతు మేడం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాసింది. వారమంతా సుస్మిత నోట ఆ మాటే.

శుక్రవారం సాయంత్రం శ్రీదుర్గ మేడంకి విడిగా మెసేజ్ పెట్టింది: 'ఆదివారం మా ఇంట్లో ఫంక్షన్ ఉందండీ. సుస్మిత రావడానికి కుదరదు.'

ఫంక్షనూ లేదు, ఏమీ లేదు.

భోజనాల దగ్గర కిరీటితో, "రేపు రెండో శనివారం సెలవేగా, నేనూ సుస్మీ బెజవాడ వెళ్ళి ఆ బొమ్మలు చూసొస్తాం" అంది.

"ఎల్లుండి స్కూలు వాళ్ళు తీసుకెళ్తున్నారుగా?"

"మందని తోలుకెళ్ళినట్టు తోలుకెళ్తే పిల్లలేం చూస్తారండీ? నేనైతే నిదానంగా చూపిస్తా."

"నువ్వు చూపిస్తావా?" కిరీటి నవ్వాడు.

"ఏం, నాకు కళ్ళు లేవా?"

సుస్మిత మాత్రం కంచం ముందు నుంచి ఎగిరి గంతేసింది. "అయితే రెండుసార్లు చూడొచ్చు!"

శ్రీదుర్గ ఇంకొంచెం పెరుగు వడ్డించింది.

పొద్దున్నే మంగళగిరి చీర కట్టుకుని కూతురితో బస్సెక్కింది. అంతకుముందు షాపులో బేరాలు లేనప్పుడల్లా ఆమె ఫోన్లో యూరప్ చిత్రాల వీడియోలు చూసి కొంత బట్టీపట్టింది. బస్సు ఇబ్రహీంపట్నం దాటాక మొదలుపెట్టింది. "సుస్మీ, వాళ్ళు నూనెలో రంగులు కలిపి వేసేవాళ్ళంట. పొర మీద పొర. ఒక పొర ఆరితేగానీ ఇంకోటి వెయ్యరంట."

సుస్మిత కళ్ళు మెరిశాయి. "మేడం కూడా అచ్చం ఇలాగే చెప్పిందమ్మా!"

శ్రీదుర్గ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత బస్టాండు వచ్చేదాకా నేర్చుకున్నదేదీ బయటికి తియ్యలేదు.

హాల్లో చల్లగా ఉంది. జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్ళూ గుళ్ళో ఉన్నట్టు చిన్నగా మాట్లాడుకుంటున్నారు. బొమ్మల ముందు ఎర్ర తాళ్ళు కట్టారు. మొదటి గదిలో అన్నీ మనుషుల మొహాలు, మెడ చుట్టూ తెల్లటి కుచ్చులు పెట్టుకున్న దొరలూ దొరసానులూ. ఏం మాట్లాడాలో తెలియక శ్రీదుర్గ ఒక దొరని చూపించి, "ఈయన్ని చూడు, మందు కొట్టినా పురుగు చావలేదని మన షాపు మీదికి గొడవకొచ్చినట్టు లేడూ?" అంది.

సుస్మితకి నవ్వాగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని తల్లి భుజం మీద వాలిపోయింది. "అమ్మా, ఆవిడో? ఆ ముక్కు పొడుగావిడ?"

"ఆవిడ పేరంటానికొచ్చి వాయనంలో అరటిపండు చిన్నదని అలిగింది."

ఇద్దరూ చేతులు పట్టుకుని గది గదీ తిరిగారు. తుఫాన్లో ఓడలు చూశారు. గుర్రాలు చూశారు. ఒక బొమ్మలో ఆకాశం చూసి సుస్మిత చాలాసేపు కదల్లేదు. శ్రీదుర్గ పక్కనే నిలబడి కూతురి అరచేతిలోని చెమటని తన అరచేతిలో తెలుసుకుంటూ, ఈ ఒక్కరోజు ఇది నాదే అనుకుంది.

చివరి గది గుమ్మం దగ్గర సుస్మిత ఆగిపోయింది.

"ఇదొక్కటీ వద్దమ్మా."

"ఏం?"

"ఇది రేపు మేడంతో చూస్తా. మేడంకి బాగా ఇష్టమైన రకం బొమ్మలు ఇందులోనే ఉన్నాయంట. మొదటిసారి ఇద్దరం కలిసి చూద్దామనుకున్నాం."

ఇద్దరం. ఆ మాట శ్రీదుర్గ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. అప్పటిదాకా నవ్విన నవ్వంతా చేదైపోయింది.

"ఇంతదూరం తీసుకొచ్చింది నేను. నాతో చూడకూడదా?"

"అట్లా కాదమ్మా. మేడంకి మాటిచ్చాను."

"రా ముందు." చెయ్యి పట్టి లోపలికి లాగింది. సుస్మిత గుమ్మం దాటింది కానీ కళ్ళు గట్టిగా మూసుకుంది. చంటిపిల్ల మందు తాగనని నోరు బిగించుకున్నట్టు మొహమంతా బిగించుకుని నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు.

"కళ్ళు తెరువు సుస్మీ."

"తెరవను."

"రేపు నువ్వెళ్ళట్లేదు! రావడం కుదరదని మీ మేడంకి నిన్ననే చెప్పేశాను."

సుస్మిత కళ్ళు తెరిచింది. గోడల వైపు చూడలేదు, తల్లినే చూసింది. "ఎందుకు కుదరదని చెప్పావు?"

"ఇంట్లో ఫంక్షనని."

"ఏం ఫంక్షను?"

అక్కడున్న సెక్యూరిటీ అతను, "కొంచెం మెల్లగా అండీ" అన్నాడు. సుస్మిత చెయ్యి విడిపించుకుని బయటికి నడిచింది. వరండాలో బెంచీ మీద, ఇటు వీపు పెట్టి కూర్చుంది.

శ్రీదుర్గ వెంట వెళ్ళలేదు, గదిలోనే ఉండిపోయింది. అంతగా దాచుకోవాల్సింది ఇందులో ఏముందో చూద్దామనుకుంది. అన్నీ చిన్న బొమ్మలు. ఒక దాంట్లో బల్ల, దాని మీద సగం తొక్క తీసిన నిమ్మకాయ, ఒరిగిన గాజు గ్లాసు, రొట్టెముక్క. ఎవరో తింటూ తింటూ లేచి వెళ్ళినట్టు ఉంది. ఆమె ముందుకు వంగి చూసింది. వెనక్కి జరిగి చూసింది. వీడియోల్లో విన్న మాటలన్నీ గుర్తు తెచ్చుకుంది. నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది. రేపు ఇక్కడే వాళ్ళిద్దరూ నిలబడి, మాట కూడా అక్కర్లేకుండా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. కన్నది తను, జ్వరమొస్తే మేలుకున్నది తను. అయినా పిల్ల మనసులో తనకి దారి తెలియని చోటొకటి ఉంది, రూతు మేడం అందులోకి చెప్పులు విడిచి తిన్నగా నడిచి వెళ్తోంది.

బయటికొచ్చేసరికి సుస్మిత చున్నీతో ముక్కు తుడుచుకుంటోంది.

"ఏమన్నా తింటావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఏడుపు ఆపుకోవడంలో భుజాలు కదులుతున్నాయి. అది చూసి శ్రీదుర్గ ఫోన్ తీసింది.

"మేడం గారూ, నేను సుస్మిత వాళ్ళ అమ్మనండీ. రేపు మా ఇంట్లో... ఫంక్షనేం లేదండీ. పిల్లని పంపిస్తాను. బస్సులో చోటుందాండీ?"

ఎందుకలా రాశారని అడుగుతుందేమోనని శ్రీదుర్గ ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

"ఉందండీ, తప్పకుండా పంపండి. మీరూ రాకూడదూ? పెద్దవాళ్ళు ఇంకొకరుంటే నాకూ సాయం."

"లేదండీ, షాపు ఉంది." ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసే ఉంటుంది. కానీ అక్కడికెళ్ళి ఆ దృశ్యం కళ్ళారా చూడటం తన వల్ల కాదు. ఒక్క నిష్ఠూరం కూడా ఆడకుండా ఫోన్ పెట్టేసిన ఆవిడ మంచితనం మీద కూడా శ్రీదుర్గకి కోపమే వచ్చింది.

తిరుగు బస్సులో సుస్మిత ముందు సీటు మీద తల ఆనించి కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక, "థాంక్స్ అమ్మా" అంది. పరాయివాళ్ళకి చెప్పినట్టుంది.

మర్నాడు శ్రీదుర్గకి ఏ పనీ సాగలేదు. ఇప్పుడు గొల్లపూడి దాటుంటారు. ఇప్పుడు ఆ దొరల గదిలో ఉంటారు, నేను చెప్పిన మాటలు మేడంకి చెప్పి నవ్విస్తోందేమో. ఇప్పుడు చివరి గది. మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతూ, పెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "పెళ్ళివారి కోసం చూసినట్టు చూస్తున్నావేంటి వీధిలోకి?" అన్నాడు కిరీటి.

చీకటి పడే వేళకి సుస్మిత వచ్చింది. మొహం వేలాడేసుకుని ఉంది.

"ఏమైందే?"

"భవానీపురం దగ్గర్నుంచే ఆరో తరగతి పిల్ల ఒకతి వాంతులమ్మా. మేడం దాన్ని పట్టుకుని బయట బెంచీ మీదే ఉండిపోయింది. చివరి గదిలోకి రానేలేదు. నన్నే వెళ్ళి చూసి రమ్మంది."

శ్రీదుర్గ గుండె ఒక్కసారిగా గంతులేసింది. అది మొహంలో కనపడుతుందేమోనని భయపడి, వంగి పిల్ల బ్యాగు అందుకుంది. "అయ్యో" అంది. ఆ అయ్యోలో అయ్యో లేదని ఆమెకే తెలిసింది. తల ఎత్తేసరికి సుస్మిత బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు సిగ్గేసింది. సంతోషం మాత్రం పూర్తిగా పోలేదు.

"ఒక్కదానివే చూశావా?"

"ఆఁ."

"నేనూ చూశాను నిన్న. నాకేం అర్థం కాలేదు." ఈ మాట కూతురితో ఆమె ఎన్నడూ అనలేదు.

సుస్మిత ఏడుపాపి చూసింది. "ఏది చూశావు?"

"ఆ నిమ్మకాయది. నువ్వేం చూశావో చెప్పు."

పిల్ల చెప్పబోయింది. నోరు తెరిచింది, చెయ్యి కూడా గాల్లోకి లేచింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ముందు మేడంకి చెప్తానమ్మా. పాపం తను చూడలేదు కదా. తర్వాత నీకు చెప్తా."

శ్రీదుర్గ బ్యాగులోంచి ఖాళీ నీళ్ళ సీసా తీసింది. మూత బిగించే ఉన్నా మళ్ళీ బిగించింది.

"తర్వాతైనా చెప్తావు కదా?"

అడిగాక, తన గొంతులోని బతిమాలుడు తనకే వినిపించింది.

"చెప్తాగా" అంటూ సుస్మిత స్నానానికి వెళ్ళిపోయింది.