స్టిక్కర్ల శిక్షణ

కొండల్ అందరి ముందూ లచ్చమ్మ మెడలోని శిక్షణ కార్డు పట్టుకుని గుంజాడు. తాడు తెగింది. కాళ్లు తిమ్మిరెక్కి కాసేపు అట్టపెట్టె మీద కూర్చోవడమే ఆమె చేసిన నేరం.

"ట్రైనింగ్‌ల కూసునుడు లేదని చెప్పిన్నా లేదా? నడువ్, బయటికి నడువ్."

"కార్డు లేకుంటే సాయం రాదు బిడ్డా," అంటూ ఆ ముసలామె కొడుకు వయసువాడికి చేతులు జోడించింది. షెడ్డు నిండా ఆడవాళ్లు బొమ్మల్లా నిలబడ్డారు. యేసుమణీ అలాగే నిలబడింది. లచ్చమ్మ గేటు దాటిందో లేదో, యేసుమణి చెయ్యి మళ్లీ స్టిక్కరు మీదికి పోయింది. ఆ చేతిని చూసుకుని ఆమెకు సిగ్గేసింది.

గగన్‌పహాడ్‌లోని ఆ షెడ్డు వాళ్లకు కొత్త కాదు. నిరుటి దాకా అక్కడే ఫ్యాన్లు తయారుచేశారు. యేసుమణి మోటార్లకు రాగి తీగ చుట్టేది. పెళ్లయి బుద్వేల్ వచ్చిన నాటి నుంచీ ఆమె పని అదే. ఓడల్లో చవక ఫ్యాన్లు వచ్చిపడ్డాక, మనవి ఎవరూ కొనడం లేదని యజమాని తాళం వేశాడు. కార్మికులు నెలల తరబడి రోడ్డున కూర్చుంటే ప్రభుత్వం దిగొచ్చింది. విదేశీ సరుకు దెబ్బకు పని పోయినవాళ్లకు కొత్త పని నేర్పిస్తామంది. నేర్చుకున్నన్నాళ్లూ భత్యం ఇస్తామంది. మానేస్తే మాత్రం భత్యం ఆగుతుంది.

నేర్పే కాంట్రాక్టు కొండల్‌కు దక్కింది. శిక్షణ కేంద్రం పాత షెడ్డులోనే పెట్టారు. మిషన్లు తుక్కు కింద పోయాయి. వాటి జాగాలో కంటైనర్లలోంచి దిగిన అట్టపెట్టెలు పేర్చారు. పెట్టె విప్పాలి, విదేశీ ఫ్యాను మీద పాత కంపెనీ స్టిక్కరు అతికించాలి, మళ్లీ మూయాలి. అదే శిక్షణ. ఆ ఫ్యాన్లు అమ్ముకునేది పాత యజమానే. శిక్షణ కాబట్టి కూలి ఇవ్వక్కర్లేదు. దీనికి సాయం అని పేరు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఐలయ్య మాటెత్తాడు. ఒకప్పుడు యూనియన్ జెండా మోసినవాడు, ఇప్పుడు పెట్టెలు మోస్తున్నాడు.

"సర్కారు పైసలు మనకిచ్చి, మన కష్టం సేటుకిస్తున్నరు. ఫుకట్ల చాకిరి గిది. రేపటి సంది పని బంద్ పెడదాం."

"బంద్ పెట్టి ఏం తిందమన్నా?" సునీల కస్సుమంది. యేసుమణి పక్కనే కూర్చుని తీగ చుట్టిన పిల్ల, ఇప్పుడు నిండు నెలల గర్భిణి. "కిరాయి కట్టకుంటే సామాన్ బయట పడేస్తనంటుండు ఇంటాయన. నీ యూనియనొచ్చి కడ్తదా?"

"గట్లని ఎన్నాళ్లు పడి ఉంటవ్?"

"ఇంకో కంపెనీ చూపియ్యి, గిప్పుడే పోత. షాద్‌నగర్ దాక తిరిగిన. నా కడుపు చూసి గేటు కాడికెళ్లే వాపస్ పంపిస్తున్నరు."

రేకుల కప్పును వణికిస్తూ విమానం ఒకటి దిగిపోయింది. యేసుమణి కలిపిన ముద్దను గిన్నెలోనే వదిలేసింది. పనిచేస్తే తన పొట్ట కొట్టిన సరుకును తన చేతులతోనే బజారుకు పంపాలి. మానేస్తే పొయ్యి వెలగదు. ఎటు తిరిగినా గోడే.

"మరి లచ్చమ్మ సంగతేంది?" అంది చివరికి. "ఆమె గూడ మన తీర్గనే సప్పుడు చేయకుంట పడి ఉన్నది. ఏం దక్కింది? రేపు సునీలకు నొప్పులొచ్చి కూసుంటది. గప్పుడు దీని కార్డు గుంజుతడు. మనం స్టిక్కర్లు అతికిచ్చుకుంట చూస్తమా?"

సునీల తలదించుకుంది. "నాకు భయమైతుందక్కా."

"నాకు లేదనుకున్నవా?"

మర్నాడు పొద్దున కంటైనర్ వచ్చేసరికి వాళ్లు దానికి అడ్డంగా కూర్చున్నారు. అందరూ కాదు. కొందరు గోడ పక్కన నిలబడి చూశారు. సునీల మాత్రం యేసుమణి భుజం పట్టుకుని మెల్లగా కిందికి వాలింది. లచ్చమ్మను మళ్లీ తీసుకోవాలి, చేసిన పనికి కూలి కట్టాలి, బతుకుదెరువుకు అక్కరకొచ్చే పని నేర్పాలి అని అరిచారు.

జీపులో అధికారి వచ్చాడు. మాట మెత్తగా ఉంది.

"చూడండమ్మా, మీరిప్పుడు కార్మికులు కారు, లబ్ధిదారులు. లబ్ధిదారులకు సమ్మె హక్కు ఉండదండీ."

"పొద్దుందాక పెట్టెలు మోసెటోళ్లను మీ ఆఫీసుల ఏమంటరు సారూ?" అంది యేసుమణి. అధికారి ఫోను చూసుకున్నాడు.

కొండల్ నవ్వాడు. "కూసోండ్రి, మంచిగ కూసోండ్రి. పెట్టెలు దింపెటందుకు మందికి కరువా?"

అతను తెప్పించిన బస్సూ, పోలీసు వ్యానూ ఒకేసారి వచ్చాయి. పోలీసులు ముందు ఐలయ్యను, తర్వాత యేసుమణిని ఈడ్చారు. మోచేతులు గీసుకుపోయాయి. బస్సులోంచి దిగుతున్న ఆడవాళ్ల మెడల్లోనూ అవే కార్డులు. వాళ్ల ముఖాల్లో తన భయమే ఆమెకు కనిపించింది.

"ఏం కంపెనీ అక్కా మీది?" అని గొంతు చించుకుంది.

"తాళాల కంపెనీ, షాద్‌నగర్," అంది ఒక పొడుగాటి మనిషి. "బయటి దేశం తాళాలొచ్చి మూసేసిన్రు."

"మేం గీ షెడ్డులనే ఫ్యాన్లు చేసినోళ్లం! మా నోటికాడ కూడు గుంజి మీతోని మోపిస్తరు. రేపు మిమ్ముల గుంజుతరు!"

వ్యాను తలుపు పడింది. యేసుమణి కిటికీ జాలీకి మొహం ఆనించింది.

"దిగిన్రు గద, ఇగ పెట్టెలు దింపుండ్రి," కొండల్ అరుస్తున్నాడు.

పొడుగాటి ఆమె కంటైనర్ దాకా నడిచింది. "తాళాలు గూడ గిండ్లనే వస్తయా?" అని అడిగింది.

"అన్నీ గిండ్లనే వస్తయి," అంది నేల మీది నుంచి సునీల.

పొడుగాటి ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని సునీల పక్కన చతికిలబడింది. వెనక మరొకామె. ఆ వెనక ఇంకొందరు. గోడ పక్క నిలబడ్డవాళ్లూ కదిలారు. కొండల్ ఒకామె చెయ్యి పట్టుకుని లేపబోతే నలుగురు కలిసి విదిలించారు.

వ్యాను కదిలింది. నేల మీద కూర్చున్నవాళ్లలో ఫ్యాన్లవాళ్లెవరో, తాళాలవాళ్లెవరో యేసుమణికి ఇక ఆనవాలు దొరకలేదు.