కంప్యూటర్ వజూ

"లోపలిదంతా తుడిచేస్తే కొత్తదాని లెక్క ఉరుకుతది అమ్మీ. నా బిడ్డ జబీన్ చదువుకు అక్కరకొస్తది," అన్నాడు ఫైజల్ మళ్లీ.

"అండ్ల మీ అబ్బా పొద్దులున్నయి. తుడుస్తనంటే చేతులిరగ్గొడత," అంది హసన్ బీ, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండా.

మానుకోటలో ఆమె భర్త హైదర్ పెళ్లికార్డుల దుకాణం నడిచినన్నాళ్లూ ఆ ఇంటికి అన్నం పెట్టింది ఆ కంప్యూటరే. పొద్దున మీట నొక్కగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తేవి. మెమరీ ఉంది, డిస్కు దొరికింది, కీబోర్డు పలికింది అంటూ యంత్రం తనను తాను తడిమి చూసుకునేది. తొందరపడే గిరాకీతో హైదర్, "జర ఆగన్నా, వజూ చేసుకుంటున్నది," అనేవాడు, నమాజుకు ముందు మనిషి కాళ్లూ చేతులూ కడుక్కున్నట్టు. ఆ అక్షరాల పరుగుకు అసలు పేరే అదనుకుని చిన్నప్పుడు ఫైజల్ బడిలో సారుకు అదే చెప్పాడు. "వజూ అయిందారా ఫైజల్?" అని పిల్లలు ఏడాదంతా ఏడిపించారు.

హైదర్ పోయి మూడేళ్లు. ప్రతి శుక్రవారం, జుమ్మా నాడు, హసన్ బీ మీట నొక్కి, అక్షరాలు ఆగేదాకా చూసి, ఆపేస్తుంది.

"బంద్ చేస్తే అవన్ని పోతయి. పొద్దులెక్కడియి?" అన్నాడు ఫైజల్.

"పోవురా." జనగామ నుంచి వచ్చిన అక్క తబస్సుమ్ కుర్చీ లాక్కుంది. కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసేది ఆమే. "కర్నెల్ అని లోపల ఇంటిపెద్ద లెక్క ఒకటుంటది. తెర మీద ఉరికేటియి దాని మాటలే. మొదలు మెమరీల చిన్న జాగల ఉంటయి, అక్కడివి పోతయి. డిస్కు లేచినంక ఒక ప్రోగ్రాం ఏ పొద్దుటివి ఆ పొద్దుకు తారీకేసి డిస్కుల రాసి దాస్తది."

"ఇన్నవా!" అంది హసన్ బీ కొడుకుతో.

తబస్సుమ్ పాత వరుసలు వెనక్కి తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది. "అబ్బా ఆఖరి రంజాన్ కాడికెల్లే ఉన్నయి అమ్మీ. ముందటివి లేవు."

"ఏమైనయి?"

"దానికిచ్చిన జాగ నిండింది. కొత్తవి రాసుకోవాలంటే పాతవి తీసేస్తది." తల్లి మొహం చూసి గొంతు తగ్గించింది. "నువ్వు ఆన్ చేసినప్పుడల్లా అబ్బావి కొన్ని..."

హసన్ బీ చేయి చాచి కంప్యూటర్ ఆపేసింది.

అందరూ అన్నానికి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చున్నాక, మనవరాలు జబీన్‌కి ఖట్టీ దాల్ పోస్తూ మెల్లగా అంది:

"తబస్సుమ్, ఉన్నయన్న తీసి పెన్ డ్రైవ్‌ల పెట్టు. ఫైజల్, తుడిచి జబీన్‌కియ్యి. ఇగ పిల్ల పొద్దులు రాసుకోనియ్యి దాన్ని."