గుట్ట కింది పంపుకు కుదిరిన జోడు

నేను ఒక నీళ్ల పంపును. పుస్తకాల్లో నా పేరు సెంట్రిఫ్యూగల్ పంపు. గుట్టమీది బస్తీ వాళ్లు మాత్రం మోటరు అనే పిలుస్తారు. నాకు జోడు వస్తోందన్న కబురును శ్రీవాణి టిఫిన్ డబ్బాతో పాటు పంపుహౌసులోకి మోసుకొచ్చింది.

"ఇగో, వింటున్నవా? కమిటీ ఒప్పుకున్నదట. ఇంకో పంపు కొంటరట."

"నిజంగనా?" అన్నాడు ఐలేశు. అతను నన్ను నడిపేవాడు, ఆమె అతను కొత్తగా కట్టుకున్న పెళ్లాం. ఆ సంతోషంలో డబ్బాలోని ఉప్మా ఇద్దరూ తినడం మరిచిపోయారు. చల్లారిన ఉప్మాను తరవాత ఇద్దరూ ఎంతో రుచిగా ఉందని మెచ్చుకుంటూ తిన్నారు. కొత్త దంపతుల నాలుకలు అలాగే ఉంటాయి కాబోలు.

నా పుట్టుక సంగతి కూడా చెప్పాలి. ఒక పోత కార్ఖానాలో కరిగిన ఇనుము నా ఒళ్లయింది. రెక్కల చక్రం నా కడుపులో చేరింది. ఆ చక్రం గిర్రున తిరిగి నీళ్లను అంచుకు విసురుతుంది, ఆ ఊపుకే నీళ్లు పైకెక్కుతాయి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. నా మొదటి యజమాని ద్రాక్షతోట రైతు. బావి నిండుగా ఉన్నప్పుడు బావిని పొగిడేవాడు, ఎండినప్పుడు నన్ను తిట్టేవాడు. తరవాత ఒక మేస్త్రీ నన్ను కొని గోడలు తడపడానికి వాడుకున్నాడు. నా ఒంటి మీద సిమెంటు చుక్కలు ఇంకా ఉన్నాయి. చివరికి ఈ బస్తీ కమిటీ నన్ను తెచ్చి, కొత్త చక్రం వేయించి, గుట్ట కింద సంపు పక్కన కూర్చోబెట్టింది.

సంపులో నీళ్లను గుట్ట మీది ట్యాంకుకు ఎక్కించడం నా పని. ట్యాంకు నుంచి నీళ్లు ముందు కింది వీధులకు, ఆఖరున మీది వీధికి వదులుతారు. నేనెంత తిరిగినా మీది వీధి వంతు వచ్చేసరికి ట్యాంకు అడుగంటేది. ఐలేశు కాపురం ఆ మీది వీధిలోనే.

"ఊరందరికి నీళ్లిడిసేటోని ఇంట్ల చెంబెడు నీళ్లు లేవు," అని నవ్వేవారు జనం. శ్రీవాణి బిందెతో గుట్ట దిగి, ఎక్కేది. అది చూడలేక ఆమె తల్లి కింద బజారులో ఒక గది మాట్లాడి పెట్టింది. నెలాఖరులోగా నీళ్లు రాకపోతే సామాను దించాల్సిందే. శ్రీవాణికి మాత్రం ఆ మీది ఇల్లే ముద్దు. వాకిట్లో నిలబడితే ఊరంతా కనిపిస్తుందట, సాయంత్రం గాలికి ఆరేసిన చీర జెండాలా ఎగురుతుందట. కింది గదికి కిటికీ ఉంది గాని, దాని ఎదురుగా గోడ ఉంది.

కమిటీ అధ్యక్షుడు బుచ్చిరాములు స్వయంగా వెళ్లి పంపు కొన్నాడు. దుకాణం వాడు తొట్టిలో నడిపి చూపిస్తే నీళ్లు వాగులా దూకాయట. నాకున్నంత హార్సుపవరే, పైగా నాకంటే పెద్ద నోరు. ఆయనకు ఇంకేం కావాలి? కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దాన్ని నా పక్కన బిగించారు. రెండు గొట్టాలూ కలిసి గుట్ట ఎక్కే ఒకే పైపులోకి వెళ్తాయి. స్విచ్చి వేశారు.

ట్యాంకులోకి వచ్చే ధార ఒక్క వేలు కూడా లావెక్కలేదు. కొత్త పంపు తిరిగి తిరిగి వేడెక్కింది.

"పాతది కొత్తదాన్ని తొక్కిపెడుతున్నది," అని తేల్చాడు బుచ్చిరాములు. "దీన్ని పీకి పాత ఇనుపసామానోనికి ఇచ్చేద్దాం. కొత్తదొక్కటే నడుస్తది."



"కాకా, పీకేటప్పుడు పీకుదురు గని," అంది శ్రీవాణి. ఆమె పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. "ముందు పాతది బంద్ జేసి కొత్తదాన్ని ఒక్కదాన్నే నడిపి చూడుండ్రి. మీరు పోయి ట్యాంకు కాడ నిలబడుండ్రి."

ఆయన ఆయాసపడుతూ ఎక్కి, అక్కడి నుంచి ఫోను చేశాడు.

"వచ్చినయా కాకా?" అడిగాడు ఐలేశు.

"నీళ్లు గాదు, గాలి గూడ రాలే."

ఆయన దిగి వచ్చేసరికి శ్రీవాణి ముగ్గుపిండి తెచ్చి పంపుహౌసు గచ్చు మీద గీతలు గీస్తోంది. ఒక గీత నాది: నీళ్లు తక్కువ పోస్తే ఎంత ఎత్తు ఎక్కించగలనో, ఎక్కువ పోస్తే ఎంతకు దిగుతానో చెప్పేది. దాని కింద అడ్డంగా సాగిన గీత కొత్తదానిది. ఇంకొకటి గుట్ట పైపుది. పోసే నీళ్లు పెరిగేకొద్దీ రాపిడి పెరిగి ఆ గీత పైకి లేస్తుంది.

"ఇది వరిమడికి కాలువల నీళ్లు తోడే పంపు కాకా. నీళ్లు మస్తు పోస్తది, ఎత్తు ఎక్కది. మన పాతది ఆ పైపుల పెట్టే ఒత్తిడికి, నీళ్లు ఎనక్కి రాకుండ ఆపే దీని వాల్వు రెక్క తెరుచుకోదు. లోపల్నే తిరిగి కాగుతున్నది."

"మరి హార్సుపవరు ఒక్కటే గద?"

"హార్సుపవరు చూసి జోడు కలిపితే ఇంటిపేరు చూసి పెండ్లి చేసినట్టే. గీతలు కలవాలె. ఇదే మోడలు, ఇదే సైజు చక్రం ఉన్నది తెచ్చుండ్రి."

"అప్పుడు రెండింతలు వస్తయి గద?"

"రావు. పైపు ఒక్కటే ఆయె. ఇద్దరు ఒక్క దర్వాజలకెళ్లి దూరితే భుజాలు తాకయా? ఒకటిన్నర రెట్లు వస్తె చాలు, మనకు సరిపోతది. ఇంకోటి, జోడుల ఒకటి ఆగిపోతె రెండోదాని మీద మోత ఎక్కువ పడుతది. మోటరు దానికి గూడ తట్టుకోవాలె."

బుచ్చిరాములు ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఐలేశు, నీ పెండ్లాన్ని ముందే అడిగితె అయిపోతుండె గద."

"నేను రోజూ అన్నీ ఆమెనే అడుగుత," అన్నాడు ఐలేశు.

దుకాణం వాడు పెద్ద నోటి పంపును వాపసు తీసుకుని నాలాంటిదాన్నే పంపాడు. నేటి సాయంత్రం దాన్ని బిగించారు. నా పోతే, నా చక్రమే, రంగు మాత్రం కొత్తది. స్విచ్చి పడగానే పైపులో ఒక్క క్షణం కొత్తగా తోచింది. తరవాత ఇద్దరం ఒకే లయలో పడ్డాం. ఇంతకు ముందుకంటే నేను పోసే నీళ్లు కాస్త తగ్గాయి. అయినా ఇద్దరివీ కలిస్తే పైపు నిండుగా మోగింది. ఒంటరిగా ఎక్కువ మోయడం కంటే కలిసి కొంచెం తక్కువ మోయడమే హాయి అని నాకు ఇవాళే తెలిసింది.

చీకటి పడకముందే ట్యాంకు కాడి నుంచి బుచ్చిరాములు ఫోను వచ్చింది. "నిండింది. పొర్లుతున్నది. బంద్ జెయ్యుండ్రి, నా చెప్పులు తడుస్తున్నయి."

శ్రీవాణి వెంటనే తల్లికి ఫోను చేసింది. "అమ్మా, ఆ గది వద్దని చెప్పెయ్యి. మేం దిగం. నువ్వే మా ఇంటికి రా."

తరవాత ఐలేశు వైపు తిరిగి చెప్పింది: "రేపు పొద్దుగాల కింది వీధులు ఆఖర్న. మొట్టమొదట మన వీధి వాల్వు తిప్పు. నేను నల్లా కాడ బిందె పెట్టుకోని నిలబడ్త."